బొందలగడ్డకు దారి ఎటు?

తిరిగొచ్చి వారం దాటింది. ఒళ్లు మాత్రం ఇంకా అక్కడే ఎండలో నిలబడి ఉన్నట్టుంది. "ఇన్ని రోజులు ఎటు పోయావురా?" అని అడిగినవాళ్లకి "ప్రజారోగ్యం, విపత్తు సన్నద్ధత" అని చెప్తున్నాను. ఆ మాట విన్నాక ఎవరూ రెండో ప్రశ్న వేయడం లేదు. పెద్ద మాటల సుఖం అదే. నిజానికి నేను చేసిందల్లా బరువులు మోయడం, చెమట కార్చడం, రేకు బోర్డుల మీద ఎర్రరంగుతో అక్షరాలు రాయడం. ఈ చివరి పని ఒక నిండు గర్భిణి ప్రాణం మీదికి వచ్చింది కాబట్టి ఇది రాస్తున్నాను. లేకపోతే హాయిగా పడుకునేవాణ్ని.

మాది కోనసీమ. హైదరాబాదులో ఒక ఉద్యోగం వదిలి ఇంకోదాంట్లో చేరేలోపు కాస్త ఖాళీ దొరికింది. ఎండాకాలం ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఆరోగ్య శిబిరాలు పెడుతున్నాం, మనుషులు కావాలి అని ఒక స్వచ్ఛంద బృందం వాళ్లు అంటే వెళ్లాను.

"వైద్యం ఏమైనా తెలుసా?"

"తెలియదండి."

"బరువులు మోస్తావా?"

"మోస్తానండి."

ఎంపిక అంతటితో పూర్తయింది.

నాదర్‌గుల్

మోయాల్సిన బరువుల్లో మొదటిది ఒక మనిషి. అంటే ప్లాస్టిక్ మనిషి. తల, ఛాతీ, అంతే. గుండె ఆగిపోయినవాళ్ల ఛాతీ ఎలా నొక్కాలో జనానికి నేర్పడానికి ఆ బొమ్మ. సంచిలో సగమే పట్టింది. తల బయటికి పెట్టి, బస్సులో ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. పక్కసీటు పెద్దమ్మ ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లేచి వెనక్కి వెళ్లిపోయింది. కండక్టర్ మాత్రం చలించలేదు.

"గాయనకు టికెట్?"

"ఈయనకి కాళ్లు లేవండి."

"కాళ్లు లేకుంటె పాస్ ఉండాలె. పాస్ ఏది?"

నేను మొహం వేలాడేశాక నవ్వి, నా ఒక్కడికే టికెట్ కొట్టాడు.

నాదర్‌గుల్‌లో ఒక కాలనీ హాలులో శిక్షణ. పక్కనే విమానాలు నేర్చుకునేవాళ్ల రన్‌వే ఉంది. మా నర్సు నస్రీన్ "గుండె ఆగిందంటే ముందుగాల చేయాల్సిన పని ఏందంటే..." అన్నప్పుడల్లా నెత్తిమీద చిన్న విమానం ఒకటి గుర్రుమంటూ పోయేది. అది పోయాక "సమజైందా?" అనేది. అందరూ అయిందని తలూపేవాళ్లు. ఆ కాలనీలో ఎవరికైనా గుండె ఆగితే, ముందు తలెత్తి ఆకాశం వైపు చూస్తారని నా అనుమానం.

ఇబ్రహీంపట్నం

మా బస ఇబ్రహీంపట్నంలో. నస్రీన్‌ది ఆ ఊరే. పొద్దున్నే ఆమె వచ్చి "భయ్యా, లెవ్వు, ఎండెక్కింది" అనేది. అక్కడ ఎండెక్కడం అనే ఘట్టమేమీ లేదు. రాత్రంతా గోడల్లో దాక్కుని, తెల్లారగానే బయటికొస్తుంది. మా వైపు ఎండ చెమటతో కలిసి నానబెడుతుంది. ఇక్కడిది అప్పడం కాల్చినట్టు కాలుస్తుంది. రెంటిలో ఏది మేలని అడిగితే, నీడ మేలని చెప్తాను.

బస్టాండు దగ్గర హోటల్లో మొదటిరోజు తటపటాయిస్తూ నిలబడ్డాను. మా ఊళ్లో అయితే హోటలాయన "రండి, కూర్చోండి, ఏం తీసుకుంటారండి, అమ్మగారు బాగున్నారాండి" అని పలకరింపుల్లోనే సగం ఆకలి తీర్చేవాడు. ఇక్కడాయన పెనం మీంచి తల కూడా ఎత్తలేదు.

"తింటవా? పోతవా?"

"తింటానండి."

"గా అండి ఏంది మల్ల? కూసో."

ముందు మనసు నొచ్చుకుంది. ఇడ్లీ మాత్రం అడిగిన నిమిషంలో వచ్చింది. నాలుగు ఇడ్లీలు ముప్పై రూపాయలు, చట్నీ ఎంత పోయించుకున్నా అడిగేవాడు లేడు. మూడో రోజుకి నేనే "అన్నా, తింట" అంటూ వెళ్లి కూర్చున్నాను. మర్యాదల వల్ల మా జిల్లాలో ఎంత పొద్దు వృథా అవుతోందో అప్పుడే తెలిసింది. సాయంత్రాలు నస్రీన్ వాళ్లమ్మ పంపిన జొన్నరొట్టె, పచ్చిపులుసు. మా ఇంట్లో పులుసు అంటే పొయ్యి మీద గంట కాగాలి. ఇక్కడ చింతపండు పిండి, ఉల్లిపాయ కోసి, ఉప్పు కారం కలిపి, అయిపోయిందంటారు. ఆ ఎండకి పొయ్యి ముట్టించనివాళ్లే తెలివైనవాళ్లని రెండో ముద్దకి ఒప్పుకున్నాను.

కోహెడ

కొత్త పండ్ల మార్కెట్ వస్తుందని చెప్పుకునే ఊరు. మేం వెళ్లింది వడదెబ్బ గురించి చెప్పడానికి. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ల గ్లాసు ఒక ముసలాయన చేతిలో పెట్టాను. ఒక గుక్క తాగి నా మొహంలోకి చూశాడు.

"గీ నీళ్లు తాపనీకె పట్నంకెళ్లి వచ్చినవా?"

"వడదెబ్బకి మంచిదండి."

"మా ఇంట్ల సల్ల లేదనుకున్నవా?"

మిగతావాళ్లు నీళ్లు తాగుతూ గజం ధర గురించి మాట్లాడుకున్నారు. వడదెబ్బ లక్షణాలు చదివి వినిపించే పని నాది. తలతిరుగుడు, నాలుక తడారిపోవడం, మాట తడబడటం... అవి చదువుతుండగానే ఒక్కొక్కటీ నాకు వచ్చాయి. మంచం మీద పడుకోబెట్టి, మెడకి తడిగుడ్డ చుట్టి, ఆ ముసలాయనే వాళ్లింటినుంచి చెంబెడు సల్ల, అదే మజ్జిగ, తెప్పించి తాగించాడు. ఆ రోజు శిబిరంలో లెక్కకొచ్చిన రోగిని నేనొక్కణ్నే. జనానికి చక్కగా అర్థమైందని నస్రీన్ మెచ్చుకుంది.

కొంగరకలాన్ దాటాక

ఇక అసలు ఊరు. కొత్త కలెక్టరేటు, ఫ్యాక్టరీ దాటి ఇంకాస్త లోపలికి పోతే వస్తుంది. పేరు రాయను. రాయొద్దని అక్కడ ప్లాట్ల బేరాలు చూసే శ్రీశైలం అన్న నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇంకా కొన్ని ప్లాట్లు మిగిలి ఉన్నాయట.

ఊరి చుట్టూ పొలాలు పోయి ప్లాట్లు వచ్చాయి. ప్రతి ప్లాట్ల గుంపుకీ ఒక కమాను, కమాను మీద "స్వాగతం", కింద ఒక ఇంగ్లీషు పేరు, దాని కింద ఫేజ్ వన్, ఫేజ్ టూ. అన్ని కమాన్లకీ ఒకే గులాబీరంగు. లోపల రోడ్లు, రాళ్లు, గడ్డి, అక్కడక్కడా ఒక కుక్క. ఇళ్లు మాత్రం లేవు.

ఒక్క ఇల్లు ఉంది. మరియమ్మ పెద్దమ్మది. ఫేజ్ టూ చివర, ఒక పొడవాటి తెల్లగోడ పక్కన. ప్లాట్లు రాకముందునించీ ఉన్న ఇల్లు. కొడుకు ఫ్యాక్టరీలో షిఫ్టుకి పోతాడు, పనిలో ఉన్నంతసేపూ ఫోను తీయడానికి ఉండదు. కోడలు సునీతకి నెలలు నిండుతున్నాయి. బీపీ ఎక్కువగా ఉంది, సోమవారం వచ్చి చేరమని దవాఖానలో చెప్పారు. నస్రీన్ ఆమె పాదాల వాపు నొక్కి చూసి, నా వైపు తిరిగి, నెమ్మదిగా అంది: "సోమవారం దాక ఆగితే మంచిదే, భయ్యా. ఆగకుంటెనే పరేషాన్. తలనొప్పి, కండ్లు మసకలు, ఫిట్సు... ఏదొచ్చినా అంబులెన్సు జల్ది రావాలె."

వస్తుందా అన్నదే ప్రశ్న. మరియమ్మ పెద్దమ్మకి ఆ ప్రశ్న కొత్త కాదు. పోయినేడు ఆమె భర్తకి గుండెనొప్పి వచ్చింది.

"నేనే ఫోన్ చేసిన బిడ్డా. బొందలగడ్డ కాడ అని చెప్పిన. ఆ బండాయన కమాన్లు చూసుకుంట తిరిగిండు. గాయనకు దారి దొరికేటాలకు మా ఆయనకే దొరికింది, గోడవతలికి."

గోడవతల ఊరి శ్మశానం ఉంది. ఇక్కడివాళ్లు దాన్ని బొందలగడ్డ అంటారు. ప్లాట్లు చూడటానికి వచ్చేవాళ్ల కంటపడకుండా ఆ తెల్లగోడ కట్టారు.

ఆ ఊరి సంగతి అది. ఎవర్ని దారి అడిగినా లేనివాటినే చెప్తారు. "మామిడితోట కాడ మలుగు" అంటారు. మామిడితోట కొట్టేసి ఏళ్లయింది. "మోటబావి దాటంగనే" అంటారు. మోటబావి పూడ్చి దానిమీద పిల్లల పార్కు పెట్టారు, జారుడుబల్ల ఉంది, పిల్లలు లేరు. ఊళ్లో అందరి కళ్లకీ తోట కనిపిస్తూనే ఉంటుంది. బయటినించి వచ్చిన డ్రైవర్‌కే కనిపించదు.

ఉత్తుత్తి ఫోను

నాకో ఉపాయం తోచింది. చదువుకున్నవాడికి తోచే ఉపాయమే: పెద్దమ్మకి అసలు చిరునామా నేర్పడం. కమాను పేరు, ఫేజ్ టూ, చివరి రోడ్డు. ఆమెది బటన్ల ఫోను, లొకేషన్ పంపే వీలు లేదు. పొద్దంతా వల్లె వేయించాను. చక్కగా చెప్పింది. ఇక పరీక్ష. నేను వాకిట్లో కూర్చుని అంబులెన్సువాణ్ని అయ్యాను. లోపల నస్రీన్ ఉన్నట్టుండి "అయ్యో, సునీత పడిపోయింది!" అని అరిచింది. నా ఫోను మోగింది.

"చెప్పండమ్మా, ఎక్కడికి రావాలి?"

"అయ్యా, జల్ది రా! బొందలగడ్డ కాడ!"

"పెద్దమ్మా, అది కాదు. ఫేజ్ టూ అనాలి."

"అవ్, గదే. బొందలగడ్డ."

మంచం మీంచి సునీత పొట్ట పట్టుకుని నవ్వింది. "ఉత్తుత్తి ఫోనుకే గింత ఆగమైతివి, అత్తా!"

ఇంకోసారి చేశాం. మరోసారి చేశాం. ప్రతిసారీ బొందలగడ్డే. చివరికి పెద్దమ్మకి కోపం వచ్చింది.

"పానం మీదికి వచ్చినప్పుడు నోట్లెకు ఏమొస్తదో గదే చెప్త. నువ్వు గా ఫేజు గీజు అన్నవనుకో, నాకు దేవుని పేరు గూడ యాదికి రాదు."

నస్రీన్ నీళ్లు తాగుతూ అంది: "భయ్యా, గామె మారదు. బోర్డే మారుద్దం."

అలా రేకు బోర్డుల పని మొదలైంది. ఊరివాళ్లు ఏ పేరు చెప్తే ఆ పేరు, వాళ్లు చూపించిన చోట. మామిడితోట ఎక్కడినించి మొదలవుతుందో తేల్చడానికి ఇద్దరు ముసలాళ్లు ఖాళీ రోడ్డు మీద నిలబడి కొట్లాడుకున్నారు. "గీడికెళ్లి మా చెట్లు!" "నీ చెట్లు ఏడివిరా, గవి మా నాయిన పెట్టినయి!" లేని చెట్ల హద్దు తగాదా తెగేసరికి నా బ్రష్షు ఎండిపోయింది. ఎండలో రంగు డబ్బా మూత తీస్తే పాయసంలా చిక్కబడేది. ఒక్కో అక్షరానికీ ఒక్కోసారి కూర్చున్నాను. మామిడితోట, మోటబావి అయ్యాక, చివరిది ఫేజ్ టూ మలుపులోని స్తంభానికి: "బొందలగడ్డ", పక్కన బాణం గుర్తు. అంబులెన్సు డ్రైవర్లు టీ తాగే చోటికి వెళ్లి, ఆ ఊరినించి ఫోనొస్తే ఎర్రరంగు బోర్డులు చూసుకోమని చెప్పొచ్చాం.

ఆ చివరి బోర్డు కట్టిన సాయంత్రమే బండి మీద శ్రీశైలం అన్న వచ్చాడు. ఆ ఊరివాడే. వాళ్ల పొలమూ ప్లాట్లయింది, ఇప్పుడు అవే ప్లాట్లు అమ్మిపెడుతుంటాడు. బోర్డు చూసి హెల్మెట్ తీయడం కూడా మరిచిపోయాడు.

"తమ్మీ! గిదేం రాసినవ్? ఆదివారం బస్సుల కస్టమర్లొస్తుండ్రు. బొందలగడ్డ అంటె ప్లాట్ ఎవడు కొంటడు?"

"ఊళ్లో అందరూ అదే అంటున్నారు కదండి."

"ఊరోళ్లు అంటరు. మా తాత గూడ గాడనే ఉన్నడు. కొనెటోళ్లకు చెప్తమా మరి?"

"మీ తాతగారికి అందరికంటే ముందే ప్లాటు దొరికిందన్నమాట."

"మజాక్ జేయకు తమ్మీ. పొలం పాయె, గిదొక్కటే నాకు మిగిలింది."

నిజంగానే అంటున్నాడు. అతని మొహం చూస్తే రెండో జోకు రాలేదు. నస్రీన్ మాత్రం వదల్లేదు. "సోమవారం సునీతను దవాఖానల చేరుస్తం. గప్పటిదాక బోర్డు ముట్టకు, అన్నా." అతను బండి తిప్పుకుని పోయాడు.

ఆదివారం

పొద్దున వెళ్లేసరికి బోర్డు ఉంది, కానీ కనిపించడం లేదు. దాని మీద పెద్ద ఫ్లెక్సీ, ఫ్లెక్సీ మీద నవ్వుతున్న ఒక కుటుంబం, "మీ కలల ఇంటికి స్వాగతం". మలుపులోనే షామియానా, కుర్చీలు, నాలుగు దిక్కులకీ స్పీకర్లు, వెనక బిర్యానీ గిన్నె. ఏసీ బస్సులో వచ్చినవాళ్లు టోపీలు పెట్టుకుని కూర్చున్నారు. శ్రీశైలం అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మైకు పట్టుకున్నాడు. నస్రీన్ బీపీ చూడ్డానికి మరియమ్మ పెద్దమ్మ ఇంటికి పోయింది. నేను ఫ్లెక్సీ కింద నిలబడి అతని మాటల మధ్య సందు కోసం కాచుకున్నాను.

"ఒక్క పూట, తమ్మీ," అన్నాడు మైకు కిందికి దించి. "బిర్యానీ తినంగనే ఇప్పేస్త. తల్లి తోడు."

అప్పుడే నా ఫోను మోగింది. నస్రీన్.

"భయ్యా, సునీతకు ఫిట్స్ వచ్చినయి. మరియమ్మ ఫోన్ చేసింది, అంబులెన్స్ దగ్గర్లనే ఉన్నదట. బొందలగడ్డ అనే చెప్పింది."

"ఇక్కడ కార్లున్నాయి, తీసుకురమ్మంటావా?"

"వద్దు! దారిల మల్ల వస్తే ఏం జేస్తం? అంబులెన్సుల సూదిమందుంటది, ఆక్సిజన్ ఉంటది. అది రావాలె."

ఫోను పెట్టేలోపే సైరన్ వినిపించింది. తలెత్తి చూశాను. చెట్టు లేకపోవడం వల్ల ఒక లాభం, ఎంత దూరమైనా కనిపిస్తుంది. తెల్లబండి మామిడితోట బోర్డు దగ్గర సరిగ్గానే తిరిగింది. మోటబావి దాటింది. ఆ తర్వాత వరసగా కమాన్లు. ఆగింది. ముందుకొచ్చింది. మళ్లీ ఆగింది. ఫేజ్ వన్ కమాన్లోకి తిరిగింది. మళ్లీ నస్రీన్ ఫోను, ఈసారి అరుపు: "డ్రైవర్ అడుగుతున్నడు, బొందలగడ్డ బోర్డు ఏదీ, అంత స్వాగతమే ఉన్నదంటుండు! బోర్డు ఏది భయ్యా?"

నేను ఫ్లెక్సీ పట్టుకుని లాగాను. సినిమాల్లో అయితే చర్రున చిరుగుతుంది. ఇది చిరగలేదు. ఇనపతీగతో కట్టారు, మంచి సరుకు. ఆ నవ్వుతున్న కుటుంబానికి వేలాడుతూ నేను అరుస్తున్నాను, నా గొంతు వాళ్ల బిర్యానీ దాకా కూడా పోవడం లేదు.

శ్రీశైలం అన్న నన్ను చూశాడు. దూరంగా తప్పుదారిలో పోతున్న తెల్లబండిని చూశాడు. కుర్చీల్లో ఉన్న టోపీలని చూశాడు. "ఇటు ఎయిర్‌పోర్టు, అటు ఔటర్ రింగురోడ్డు" దాకా వచ్చి ఆగిపోయిన మైకుని మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఓ అంబులెన్స్ అన్నా! గటు కాదు! ఎనకకు తిరుగు! బొందలగడ్డ గిదే! గీ తెల్లగోడ ఎనకనే బొందలగడ్డ, దాని పక్కకే ఇల్లు! గిటు రా! బొందలగడ్డ గిటే!"

నాలుగు స్పీకర్లూ నాలుగు దిక్కులకీ చెప్పాయి. బండి ఆగింది. వెనక్కి వచ్చింది. అతను మైకు వదలకుండా, తీగ ఎంతదాకా వస్తే అంతదాకా రోడ్డు మీదికి పరిగెత్తి, రెండో చేత్తో గోడ చూపిస్తూ అదే మాట అరుస్తూనే ఉన్నాడు. బండి మా పక్కనించి దుమ్ము లేపుకుంటూ పోయింది.

షామియానా కింద ఒక పెద్దాయన టోపీ తీసి, గోడ వైపు చూసి, నిదానంగా అడిగాడు.

"అయితే ఆ వరసలో గజానికి ఎంత తగ్గిస్తారు?"

నేను అప్పటికే ఇంటివైపు పరిగెత్తుతున్నాను. స్ట్రెచర్ మీద సునీత కళ్లు మూసుకుని ఉంది, మొహానికి మాస్కు. ఒక పక్క నేనూ పట్టుకున్నాను. ఉబ్బిన ఆమె చెయ్యి నా మణికట్టుకి తగిలి చల్లగా ఉంది. నస్రీన్ ఎక్కింది. మరియమ్మ పెద్దమ్మ చెప్పులు లేకుండానే ఎక్కి, తలుపు మూసేలోపు నన్ను చూసి "మా పిల్లగానికి చెప్పు బిడ్డా" అంది. ఫ్యాక్టరీ గేటుకి ఫోను చేసి, అతన్ని పిలిపించమని చెప్పాను.

ఆ తర్వాత చేయడానికేమీ లేదు. శిక్షణలో ఎవరూ నేర్పని భాగం అది. బస్సు కస్టమర్లని ఎక్కించుకుని వెళ్లిపోయింది. షామియానా వాళ్లు కుర్చీలు మడిచారు. రెండు కుర్చీలు మాత్రం మా కోసం వదిలేశారు. శ్రీశైలం అన్న, నేను ముందు బిర్యానీ పళ్లేలు పెట్టుకుని కూర్చున్నాం. తినలేదు. ఈగలు తిన్నాయి. అతను ఫోను తీసి చూసేవాడు, జేబులో పెట్టేవాడు. కస్టమర్ల ఫోను కోసమో, దవాఖాన ఫోను కోసమో నేను అడగలేదు. గోడ నీడ మా కాళ్ల దాకా వచ్చాక నస్రీన్ ఫోను వచ్చింది. స్పీకర్‌లో పెట్టాను.

"ఆపరేషన్ చేసిండ్రు. ఆడపిల్ల. జర చిన్నగుంది, అద్దాల పెట్టెల పెట్టిండ్రు. ఏడుస్తున్నది, మంచిగనే ఉన్నది."

"సునీత?"

"గిప్పుడే కండ్లు తెరిచింది. నొప్పని తిడుతున్నది."

"ఎవర్ని?"

"అందర్ని. రేపటిదాక చూస్తం అన్నరు డాక్టర్లు. కానీ తిడుతున్నది భయ్యా, మస్తు తిడుతున్నది."

ఫోను పెట్టేశాను. శ్రీశైలం అన్న మొహం తుడుచుకున్నాడు. తర్వాత లేచి, కుర్చీ తీసుకెళ్లి స్తంభం దగ్గర వేసుకుని, పైకెక్కి కటింగ్ ప్లయరుతో ఒక్కో తీగా తెంపాడు. నవ్వుతున్న కుటుంబం నేలమీద పడింది. కిందికి దిగి, రోడ్డు మీద బాగా దూరం నడిచి, అక్కణ్నించి వెనక్కి తిరిగి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని నా బోర్డు వైపు చూశాడు.

"తమ్మీ! రంగు మిగిలిందా?"

"కొంచెం ఉందన్నా. ఎందుకు?"

"అక్షరాలు మరీ చిన్నగ రాసినవ్. గీడికెళ్లి కనవడ్తనే లేదు."